డికాషన్ దిగేలోగా

(నెల్లూరులో ఒక ఆదివారం సాయంత్రం, రసాయనశాస్త్రం బోధించి రిటైరైన ఒక అధ్యాపకురాలు కాఫీ దించే సామాను గురించి చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. మాటలు తర్వాత. ముందు ఈ నీళ్ళు మరుగుతున్నాయి, దించేస్తాను.

బల్ల మీద రెండు స్టీలు కాఫీ ఫిల్టర్లు కనిపిస్తున్నాయా? రెండూ ఒకే సైజు. ఇంటి దగ్గరే తూచి ఒక్కోదాంట్లో 30 గ్రాముల పొడి వేసుకొచ్చాను. ఒకే పొడి, పొద్దున పట్టించింది. మొదటిదాన్ని నేను సర్దుతాను. పక్కన రెండుసార్లు తట్టి, కాడ ఉన్న ఈ చిల్లుల బిళ్ళని పైన ఊరికే ఆనించాను. నొక్కలేదు. రెండోదానికి... ముందు వరసలో బాబూ, నువ్వు రా నాన్నా. ఆ బిళ్ళ పట్టుకుని నీ బలమంతా పెట్టి అదుము. ఇంకా అదుము. ఇంట్లో మీ అమ్మ ఎలా అదుముతుందో అలాగే. (నవ్వులు) చాలు, కూర్చో.

ఇప్పుడు రెండింట్లోనూ పొడి తడిసేంత నీళ్ళు, అంతే. అర నిమిషం ఆగాలి. తాజా పొడి అయితే తడవగానే కాస్త ఉబ్బి బుడగలొస్తాయి. వేయించినప్పుడు గింజలో చిక్కుకున్న బొగ్గుపులుసు వాయువు అది. అది పోతేగానీ నీళ్ళు పొడిలోకి సరిగ్గా దిగవు. ఆ, ఇప్పుడు మిగతావి. ఒక్కోదానికి మొత్తం 150 మిల్లీలీటర్లు. మూతలు పెట్టేశాను. ఇక వాటి పని అవి చూసుకుంటాయి, మన పని మనం చూసుకుందాం.

మా నాన్నగారికి ఈ ఊళ్ళోనే కాఫీపొడి కొట్టు ఉండేది. గింజలు వేయించేది మా పెరట్లో, బొగ్గుల పొయ్యి మీద, చేత్తో తిప్పే డ్రమ్ములో. ఆ పొగ మా స్కూలు బట్టలకి పట్టేది. క్లాసులో నా పక్కన కూర్చున్నవాళ్ళకి పొద్దున కాఫీ తాగకపోయినా తాగినట్టే ఉండేదట. కొట్టుకి వారానికి ఒకరైనా వచ్చి "మొన్నటి పొడి బాలేదండీ, కాఫీ చేదెక్కింది" అనో, "పలచగా నీళ్ళలా ఉంది" అనో అనేవారు. నాన్న వాదించేవారు కాదు. ఒకే ప్రశ్న అడిగేవారు: "డికాషన్ ఎంతసేపటికి దిగిందమ్మా?"

అయిదు నిమిషాలకే దిగిందంటే పొడి ఇంకొంచెం మెత్తగా పట్టి ఇచ్చేవారు. గంటైనా దిగలేదంటే కొంచెం బరకగా. అదే గింజ, దాంట్లో కలిపే అదే చికోరీ. మరలో పళ్ళ మధ్య ఎడం ఒక్క గాటు జరిపేవారు, అంతే. మళ్ళీ వారం ఆవిడే వచ్చి "ఈసారి మంచి సరుకు ఇచ్చారు" అనేది. నేను ఎమ్మెస్సీ పూర్తిచేసి వచ్చాక గానీ ఆయన అడుగుతున్నది ఎంత పెద్ద ప్రశ్నో నాకు తెలియలేదు.

వేయించిన కాఫీ గింజలో నీళ్ళలో కరిగేది దాదాపు 30 శాతం. మిగతాది చాలావరకు పీచు. ఆ కరిగేదాంట్లోనూ అంతా మనకి పనికొచ్చేది కాదు. ముందు పులుపు దిగుతుంది, దాని వెనకే తీపి, సువాసన. చేదు, వగరు తీరిగ్గా చివర్లో వస్తాయి. 1950ల్లో అమెరికాలో ఎర్నెస్ట్ లాక్‌హార్ట్ అనే రసాయన శాస్త్రవేత్త దీన్ని కొలతల్లో పెట్టాడు. పొడి బరువులో 18 నుంచి 22 శాతం దాకా నీళ్ళలోకి దిగితే రుచి కుదురుతుందన్నాడు. అంతకన్నా తక్కువైతే పుల్లగా, సగం ఉడికిన పప్పులా ఉంటుంది. ఎక్కువైతే కషాయం.

మన ఇళ్ళలో అదే పొడి మీద రెండోసారి నీళ్ళు పోసి "రెండో డికాషన్" దించుతారు కదా, ఆ కషాయం సంగతి అక్కడ తెలుస్తుంది. మొదటిసారే మంచిదంతా వచ్చేసింది, ఇక వచ్చేది రంగూ చేదూ. ఆ రెండో డికాషన్ కాఫీ ఇంట్లో ఎవరి గ్లాసులోకి వెళ్ళేదో ఈ హాల్లో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ గ్లాసు ఎక్కడ బోర్లించి ఉండేదో కూడా. దాని గురించి వేరే ప్రసంగం పెట్టుకోవాలి.

సరే. ప్రపంచంలో కాఫీ సామాను ఎన్ని రకాలుందో చెప్పమని నన్ను పిలిచారు. చెబుతాను గానీ, అన్ని రకాలూ కలిపి మూడు ప్రశ్నలకి జవాబులే. పొడి ఎంత మెత్తన? నీళ్ళు దాంతో ఎంతసేపు ఉండాలి? తర్వాత రెండింటినీ దేంతో విడదీయాలి?

టర్కీ వాళ్ళు మూడో ప్రశ్నే వేసుకోలేదు. పొడి గంధంలా మెత్తగా పడతారు, పొడుగు కాడ ఉన్న చిన్న రాగి గిన్నెలో నీళ్ళతో కలిపి పొయ్యి మీద పెట్టి, నురగ పొంగబోయే సమయానికి దించి, మడ్డితో సహా కప్పులో పోసేస్తారు. మడ్డి అడుక్కి దిగేదాకా ఓపిక పట్టడమే వడకట్టడం. 2013లో యునెస్కో ఆ సంప్రదాయాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

జర్మనీలో డ్రెస్డెన్ అనే ఊళ్ళో మెలిట్టా బెంట్జ్ అనే గృహిణికి ఆ మడ్డి నోటికి తగలడం అస్సలు పడేది కాదు. బట్టతో వడకడితే ఆ బట్ట ఉతకలేక చావు. ఒకరోజు ఇత్తడి గిన్నె అడుగున మేకుతో చిల్లులు పొడిచి, కొడుకు బడి పుస్తకంలోంచి అద్దుడు కాగితం చింపి అందులో పరిచి, పొడి వేసి నీళ్ళు పోసింది. మా తరంవాళ్ళకి అద్దుడు కాగితం తెలుసు, సిరా పెన్నులవాళ్ళం కదా. చుక్క మడ్డి లేకుండా తేటగా దిగింది. 1908లో రిజిస్టర్ చేయించుకుని ఇంట్లోంచే కంపెనీ పెట్టింది. ఇవాళ హైదరాబాద్ కెఫేల్లో గరాటులో కాగితం పెట్టి, హంసమెడ కెటిల్‌తో గుండ్రంగా నీళ్ళు తిప్పుతూ "పోర్ ఓవర్" అని ఇస్తున్నారే, దాని మూలపుటమ్మ ఈవిడే. ఇక్కడ పొడి రవ్వలా ఉండాలి. లీటరు నీళ్ళకి 55 నుంచి 60 గ్రాములు, మూడు నాలుగు నిమిషాల్లో దిగిపోవాలి. పాలు పోస్తే మాత్రం చచ్చిపోతుంది. అది పాల కోసం పుట్టింది కాదు.

ఫ్రెంచ్ ప్రెస్ ఇంకా సులువు. గాజు కూజాలో బరక పొడి, మరిగి దించిన నీళ్ళు, నాలుగు నిమిషాలు, పైనుంచి జల్లెడ కిందికి నొక్కడం. పేరు ఫ్రెంచ్ అయినా 1929లో పేటెంటు తీసుకున్నది మిలాన్‌కి చెందిన ఇటలీవాడు, అత్తీలియో కాలిమానీ. కొత్తగా బ్లాక్ కాఫీ మొదలుపెట్టేవాళ్ళకి నేను దీన్నే కొనమంటాను. చెడగొట్టడం కష్టం, విరగ్గొట్టడం సులువు. ఇప్పటికి నేను మూడు గాజులు మార్చాను.

ఇప్పుడు ఒత్తిడి సంగతికి, అంటే ఒత్తిడితో దించే ఎస్ప్రెసో కాఫీకి వద్దాం. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మన ఫిల్టర్‌కి అసలైన పోటీ ఇదే.

1884లో ఇటలీలోని టురిన్‌లో ఆంజెలో మొరియోండో అనే హోటలు యజమాని ఆవిరి బలంతో కాఫీ దించే పెద్ద యంత్రం చేయించి పేటెంటు తీసుకున్నాడు. అది గంగాళం లెక్క, ఒకేసారి బోలెడు కప్పులు. 1901లో మిలాన్‌లో లూయీజీ బెడ్జేరా దాన్ని కప్పు లెక్కకి తెచ్చాడు. వచ్చినవాడికి అప్పటికప్పుడు, అతని కోసమే ఒక కప్పు. కానీ ఆవిరి ఒత్తిడి ఒకటిన్నర బారు దాటేది కాదు, బారు అంటే ఒత్తిడి కొలిచే ప్రమాణం. పైగా ఆవిరి సెగకి పొడి మాడేది. అకిల్లే గాజా అనే మిలాన్ వాసి ఆవిరిని పక్కన పెట్టి, మీట కిందికి లాగి స్ప్రింగుతో పిస్టన్‌ని నొక్కించాడు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక ఆ మీట యంత్రాలు కాఫీ హోటళ్ళలోకి వచ్చాయి. ఒత్తిడి ఒక్కసారిగా ఎనిమిది తొమ్మిది బార్లకి ఎగిరింది. అప్పుడే కప్పు పైన ఆ బంగారు రంగు నురగ మొదటిసారి కనిపించింది. 1961లో ఫేమా కంపెనీ ఈ61 అనే యంత్రంలో విద్యుత్ పంపు పెట్టాక మీట లాగే భుజబలం కూడా అక్కర్లేకపోయింది.

తొమ్మిది బార్లంటే ఎంతో ఒక లెక్క చెబుతాను. తొంభై మీటర్ల ఎత్తు నీళ్ళ స్తంభం మీ నెత్తిన నిలబడితే ఎంత ఒత్తిడో అంత. దాదాపు ముప్ఫై అంతస్తుల భవనం. మరి ఈ ఫిల్టర్‌లో పొడి మీద నిలిచిన నీళ్ళ ఎత్తెంత? నాలుగు వేళ్ళు. (నవ్వులు) అక్కడ ఎస్ప్రెసో 25, 30 సెకన్లలో దిగుతుంది. ఇక్కడ ఇరవై నిమిషాలు. కానీ రెండూ దించేది ఒకే జాతి సరుకు: చిక్కటి సారం. దాన్ని ఉత్తగా తాగొచ్చు గానీ, రెండింటి గొప్పతనం పాలల్లో తెలుస్తుంది. పాలలో కొవ్వు, మాంసకృత్తులు కలిసి కాఫీ గొంతు నొక్కేస్తాయి. ఆ పాలల్లోంచి కూడా వినపడాలంటే కాఫీ గట్టిగా ఉండాలి. ఇటలీవాడు ముప్ఫై అంతస్తులు పెట్టి సాధించినదాన్ని మన నాయనమ్మలు నాలుగు వేళ్ళ నీళ్ళతో, స్నానం చేసి వచ్చేలోగా సాధించారు. కరెంటు ఖర్చు సున్నా.

మన ఫిల్టర్ ఎస్ప్రెసోతో సమానమని అనను. ఆ నురగ రాదు, ఆ నూనె జిగి రాదు. ఎస్ప్రెసో యంత్రం వంద మందికి వంద కప్పులు వరసగా ఇస్తుంది, ఇది ఇవ్వదు. నేననేది, దీన్ని పాతకాలపు సామానుగా చూడొద్దని. ఇలాంటి రెండంతస్తుల గిన్నె 1800 ప్రాంతంలో పారిస్‌లోనూ ఉండేది. వియత్నాంలో "ఫిన్" అని ఇవాళ్టికీ కప్పు మీదే పెట్టుకునే చిన్న ఫిల్టర్ ఉంది. అదీ చిల్లులు, బిళ్ళ, మూత. వాళ్ళు కింద గట్టి తీపి పాలు పోసుకుంటారు, మనం పైన కాచిన పాలు పోసుకుంటాం.

ఇక నా తెలివితక్కువ పని ఒకటి చెప్పాలి. మా అబ్బాయి టెక్సస్‌లో ఉంటాడు. వాళ్ళింట్లో మోకా పాట్ ఉంది. అంటే 1933లో ఇటలీలో అల్ఫోన్సో బియాలెట్టి తెచ్చిన ఎనిమిది పలకల అల్యూమినియం గిన్నె. కింద నీళ్ళు, మధ్యలో పొడి, ఆవిరి నీళ్ళని పైకి నెడుతుంది. మన ఫిల్టర్‌ని తలకిందులు చేసినట్టు. నేను నెల్లూరు నుంచి తీసుకెళ్ళిన మన పొడి, చికోరీ కలిసింది, దాంట్లో వేసి అలవాటుకొద్దీ చెంచాతో బాగా అదిమి బిగించి పొయ్యి మీద పెట్టాను. చుక్క పైకి రాలేదు. నేను కెమిస్ట్రీ లెక్చరర్ని కదా, మంట పెంచాను! పక్కనున్న చిన్న వాల్వులోంచి బుస్సున ఆవిరి కొట్టింది. మనవడు పరిగెత్తుకొచ్చి "బామ్మా, కుక్కర్ విజిల్ వచ్చింది" అన్నాడు. (నవ్వులు) ఆ వాల్వే లేకపోతే ఏమయ్యేదో. మోకాలో పొడి ఎప్పుడూ అదమకూడదు, మరీ మెత్తన వేయకూడదు. సన్న మంట, పైన బుడబుడమనగానే దించేయడం. ఇది పాఠంగా చెప్పాల్సినదాన్ని నేను ప్రయోగంగా చేశాను.

(సభలోంచి ఒకరు: చికోరీ కల్తీయే కదండీ?)

కల్తీ అంటే చెప్పకుండా కలిపేది మాస్టారూ. మన చట్టం ప్రకారం చికోరీ కలిసిన పొడిలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, ప్యాకెట్ మీద ఏది ఎంత శాతమో అచ్చు వేయాలి. కళ్ళజోడు పెట్టుకుని చదవండి, 53కి 47 అని ఉంటే మీరు కొంటున్నది సగం వేరుపొడి. అవును, చికోరీ అనేది ఒక మొక్క వేరు. మన దేశంలో గుజరాత్‌లో జామ్‌నగర్ వైపు బాగా పండిస్తారు. దాంట్లో కెఫీన్ లేదు. నెపోలియన్ 1806లో ఇంగ్లండు సరుకుని అడ్డుకున్నప్పుడు యూరప్‌లో కాఫీ కరువై ఇది బాగా అలవాటైంది. కానీ చికోరీని తిట్టేవాళ్ళంటే నాకు పడదు. నీళ్ళలో కాఫీ కన్నా చాలా ఎక్కువ కరుగుతుంది, డికాషన్‌కి రంగూ చిక్కదనమూ ఇస్తుంది, నీళ్ళని తొందరపడకుండా ఆపుతుంది. ఈ స్టీలు చిల్లులకీ, ఆ పాలకీ అది అతికినట్టు సరిపోతుంది. మా నాన్న లెక్క వందకి ఇరవై. అంతకు మించి అడిగితే "మందుల కొట్టు ఎదురుగా ఉందండీ" అనేవారు.

(సభలోంచి ఇంకొకరు: అరకు కాఫీ ఖరీదు పెట్టి తెచ్చుకున్నాం మేడమ్, ఫిల్టర్‌లో వేస్తే పలచగా ఉంది.)

మంచి ప్రశ్న అమ్మా. ఆ కాఫీ తప్పేం లేదు, దానికి సరైన గిన్నె దొరకలేదు. అరకులో పండే అరబికా రకం కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గిరిజన రైతులు చెట్ల నీడన, మిరియాల తీగల మధ్య పండించే గింజ అది. మీరు కొన్నది బహుశా లేతగా వేయించి, చికోరీ లేకుండా, బరకగా పట్టిన పొడి. స్టీలు ఫిల్టర్‌లో నీళ్ళు దాన్ని పలకరించకుండానే దిగిపోతాయి, దానిమీద మీరు పాలు పోశారు. అదే పొడిని ఫ్రెంచ్ ప్రెస్‌లోనో కాగితంలోనో వేసి, పాలు లేకుండా, చక్కెర లేకుండా ఒక్కసారి తాగి చూడండి. పండు పులుపు, బెల్లం తీపి మీకే తెలుస్తాయి. ఫిల్టర్‌లోనే కావాలంటే గింజలు కొని, ముదురుగా వేయించింది అడిగి, మెత్తగా పట్టించుకోండి. ఇంకో సంగతి. అరకు దాదాపు తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ నీళ్ళు 97 డిగ్రీలకే మరుగుతాయి. అక్కడ మరిగే నీళ్ళు దించి వెంటనే పోసినా ఫరవాలేదు. ఇక్కడ నెల్లూరులో మరగడం ఆపి ఓ నిమిషం ఆగి పోయండి.

(సభలోంచి: నలభై వేలు పెట్టి మిషన్ కొన్నానండీ, బయట తాగినట్టు రావడం లేదు.)

పొడి ఎక్కడిది బాబూ? సూపర్ మార్కెట్ ప్యాకెట్టా? అదే. మిషన్‌కి నలభై వేలు పెట్టి మరకి ఏమీ పెట్టలేదు. ఎస్ప్రెసోలో ముప్ఫై సెకన్ల పని, పొడి పిసరంత బరకైతే పదిహేను సెకన్లలో దిగిపోయి పులుస్తుంది. రోజూ మార్చుకోవాలి, వానాకాలం ఒకలా, ఎండాకాలం ఒకలా. బ్లేడుతో కొట్టే మిక్సీ వద్దు, అది సగం దుమ్మూ సగం నూకా చేస్తుంది. పళ్ళతో నలిపే మర కావాలి. చేత్తో తిప్పేదైనా సరే. ఈ హాల్లో ఎవరు కాఫీ సామాను కొనాలనుకున్నా ముందు మర కొనండి, మిగిలిన డబ్బుతో ఏది వస్తే అది.

(సభలోంచి: కాఫీకి కొలెస్ట్రాల్ పెరుగుతుందంటారు...)

గింజలో నూనె ఉంటుంది. అందులో కేఫెస్టాల్ అనే పదార్థం చెడ్డ కొలెస్ట్రాల్‌ని పెంచుతుందన్నది రుజువైన మాటే. పొడిని నీళ్ళలో మరగబెట్టి అలాగే తాగే ఉత్తర యూరప్ నార్డిక్ దేశాల్లో ఇది ముందు బయటపడింది. కాగితం ఆ నూనెని చాలావరకు పట్టేస్తుంది, లోహపు జల్లెడలు పట్టలేవు. డాక్టరు జాగ్రత్త చెప్పినవాళ్ళు కాగితానికి మారడం మంచిది. అందులో డికాషన్ అంత చిక్కన రాదని ముందే చెబుతున్నా, తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

రండి, మన ఫిల్టర్లు చూద్దాం.

మొదటిదాని పై గిన్నె తీస్తున్నాను. చూశారా, పొడి మట్టంగా, పగుళ్ళు లేకుండా కూర్చుంది. కింద... ఈ కొలగ్లాసులో పోస్తే 90 మిల్లీలీటర్లు. 150 పోస్తే 90. మిగతా 60 పొడే తాగేసింది. పొడి తన బరువుకి రెండింతల నీళ్ళు పట్టుకుంటుంది. కాబట్టి డికాషన్ ఎంత కావాలో దానికి పొడి బరువు రెండింతలు కలిపి నీళ్ళు పోయండి, అంచనా తప్పదు. వాసన చూడండి. ఇటు అందించండి అమ్మా, అందరికీ.

దీన్ని మళ్ళీ పొయ్యి మీద పెట్టొద్దు, బతిమాలుతున్నాను. మీరిప్పుడు చూసిన వాసన గాల్లోకి పోతుంది, చేదు గిన్నెలో మిగులుతుంది. చల్లారితే ఆ కింద గిన్నెని వేణ్ణీళ్ళలో కూర్చోబెట్టండి. లేదా పాలు బాగా వేడిగా పోయండి, డవరాలోంచి గ్లాసులోకి రెండుసార్లు ఎత్తి తిరగబోయండి. నురగ కోసమే కాదు, తాగే వేడికి వస్తుంది. నాలుక కాలితే రుచేం తెలుస్తుంది?

రెండోది. ఊఁ. అడుగు తడిసిందంతే, ఓ చెంచాడు ఉంటుందేమో. పైన నీళ్ళు పోసినవి పోసినట్టే నిలబడ్డాయి. చిల్లుల మీద మెత్తటి పొడి గోడలా కట్టింది. ఇప్పుడు ఇంట్లో అయితే ఏం చేస్తారు? చెంచా వెనకతో టకటకా కొడతారు. కొడితే పొడిలో ఎక్కడో ఒక చీలిక వస్తుంది, నీళ్ళన్నీ ఆ సందులోంచి జర్రున జారిపోతాయి. మిగతా పొడిలో సారం అలాగే ఉండిపోతుంది. పొడి బాలేదని కొట్టుకొస్తారు.

పాలు కాగాయా అమ్మా? మా కోడలు ఇంటి దగ్గర పెద్ద ఫిల్టర్‌లో దించిన డికాషన్ అక్కడ స్టీలు డబ్బాలో ఉంది, అందరికీ సరిపోతుంది. చక్కెర విడిగా పెట్టాను. బాబూ, నువ్వు అదిమినది నీకే. రాత్రి పడుకునేలోగా దిగొచ్చు. ఇంటికి తీసుకెళ్ళు, కానీ ఫిల్టర్ మాత్రం కడిగి తెచ్చిచ్చెయ్, అది మా నాన్నగారిది.